గృహమార్జాలమును గృహస్థధర్మమును

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మనలో సామెత కలదు. తల్లి త్రిప్పునది కూనల ప్రాణరక్షణమునకు. ఎనిమిదవ పర్యాయము త్రిప్పువాడు మానవుడు. అతడు గోనెసంచి తెచ్చును; కన్నులు సరిగా విడని కూనలను అందు వేయును; మూతి కట్టి, ఊరి పొలిమేరయందో, సంతబయలునందో, ధాన్యపుమిల్లు వెనుకనో, దేవాలయపు ప్రహరి ప్రక్కనో దించి వచ్చును. ఇల్లు చేరి, కాళ్లు కడుగుకొని, భోజనమునకు కూర్చుండును. పిల్లిని చంపితినని అతడు తలంపడు. వదలి వచ్చితినని మాత్రమే తలంచును. ఈ రెండు మాటలకును గల భేదమెంతయో విచారించుటయే నేటి మా యుద్దేశము.

దేశమున ఇన్ని మహాసమస్యలుండగా పత్రికలో పిల్లుల ప్రసంగమేలయని కొందఱు పాఠకులు నవ్వవచ్చును. నవ్వుటకు మా యభ్యంతరము లేదు. కాని యిది పిల్లుల విషయము కాదు, గృహస్థుల విషయము. గాదెలలో ధాన్యము పోసికొను రైతు మొదలుకొని మేడపై గదులలో కాపురముండు పట్టణవాసి వఱకు పిల్లిని చేరదీయని వీధి మనలో లేదు. ఆ యిండ్లలో ఏటేట పుట్టుచున్న కూనల గతి యేమగుచున్నది? అడిగి చూడుడు. అందఱును ఒక్క సమాధానమే చెప్పుదురు: "ఎటో పోయినవి." ఈ 'ఎటో' అను చోటు ఎక్కడనున్నదో తెలిసికొనుట గృహస్థుని విధి. తెలిసిన పిదప చేయదగిన పని యొక్కటే కలదు. పెంపుడుపిల్లి తొలిచూలు మోయకమునుపే పశువైద్యునిచే దానికి సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించుట. ఇదియే మా వాదము. దీనికి కారణములను క్రమముగా విన్నవించెదము.

ఆవును మనము కట్టి తెచ్చితిమి, గుఱ్ఱమును లొంగదీసితిమి, పిల్లి మాత్రము తానై వచ్చినది. మానవుడు సేద్యము నేర్చి గింజలు నిలువచేసిన నాడు ఎలుకలు చేరినవి. ఎలుకలకై అడవిపిల్లి చేరినది. నేడు లోకమందలి పెంపుడుపిల్లులన్నియు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాల యందలి యొక జాతి అడవిపిల్లి సంతతియేయని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యుని ప్రక్కనే పాతిపెట్టబడిన పిల్లి యస్థిపంజరము బయల్పడినదని 2004లో ప్రకటింపబడినది. ఆ ద్వీపమున పిల్లిజాతి స్వతస్సిద్ధముగా లేదు గావున, ఎవరో పడవపై దానిని వెంట గొనిపోయిరనుట స్పష్టము. ధాన్యపుగింజకును పిల్లికిని గల సంబంధము ఇంత పురాతనమైనది.

ఈ సంబంధమున పిల్లి తన భాగమును నేటికిని నెరవేర్చుచునే యున్నది. కూలి యడుగదు, పగ్గము కోరదు, కొట్టులో ఎలుకను పట్టి, పొయ్యి ప్రక్కన ఇంత బూడిదవెచ్చదనమును, గిన్నెలో మిగిలిన యిన్ని పాలును పుచ్చుకొని తృప్తిపడును. పట్టణములలో ఎలుకల పని తగ్గినను, ఒంటరిగా నున్న వృద్ధులకును, పిల్లలకును అది తోడుగా నున్నది. మన భాగమేమి? చేరదీసిన ప్రాణి కడుపున పుట్టునవి యేమగునో తలంపకుండుటయా?

ఇక పిల్లి సంతానక్రమము ఎట్టిదో చూతము. ఆడుపిల్లి పుట్టిన నాలుగయిదు మాసములకే ఎదకు రాగలదు. అనగా, తానింకను కూనయై దారపుండతో ఆడుకొను వయస్సుననే తల్లి కాగలదు. చూలు మోయునది సుమారు తొమ్మిది వారములు. ఒక్క యీతలో మూడు మొదలు అయిదు కూనలు సాధారణము. పెక్కు జంతువులకు అండము నియతకాలమున తనంత విడుదలయగును. పిల్లికి అట్లు గాక, మగపిల్లితో కలిసిన పిమ్మట, ఆ కలయిక వలననే విడుదలయగును. అందుచేత కలిసిన యెదలో చూలు నిలువకపోవుట తక్కువ. కలియనిచో రెండుమూడు వారములకొకసారి మరల ఎదకు వచ్చి, రాత్రులు గోడలపై విలపించుచు తిరుగును. పగటి నిడివి హెచ్చిన కాలమున పిల్లులు ఎదకు వచ్చుట స్వభావము. మన దేశమున పగలు మిక్కిలి కుంచించుకొనిపోవు శీతకాలము లేదు గావున, సంవత్సరమున పెక్కుమాసములు వానికి ఈతకాలమే. కూనలు పాలు మఱచిన కొలది వారములకే తల్లి మరల చూడి కాగలదు.

ఒక లెక్క వేయుదము. ఏడాదికి రెండు ఈతలు, ఈతకు నాలుగు కూనలు, అందు సగము ఆడువి, అన్నియు బ్రదికి మఱుసటి యేడు తామును అట్లే ఈనుననుకొందము. తొలియేటి యంతమునకు తల్లియు 8 కూనలును కలిసి 9. రెండవయేట ఈనునవి 5, కూనలు 40, మొత్తము 49. మూడవయేట ఈనునవి 25, కూనలు 200, మొత్తము 249. ఇట్టి లెక్కలను ఇంకను సాగదీసి, ఒక్క పిల్లికి ఏడేండ్లలో లక్షల సంతతియని ప్రచారము చేయువారును కలరు. మేమా లక్షలను నమ్మము, మీరును నమ్మనక్కఱలేదు. మీ వీధిలో 249 పిల్లులు లేవు. మీ చిన్ననాట నెన్ని పిల్లులుండెనో, ఇంచుమించు నేడును అన్నియే యుండవచ్చును. కాని ఆ కారణముచేతనే ఈ లెక్క భయంకరమైనది. పుట్టదగినవి అన్ని, కంటికి కనబడునవి రెండో మూడో. తక్కినవి యేమైనవి?

అమెరికాలోని ఉత్తర కెరోలైనా రాష్ట్రమున వీధిపిల్లుల ఈతలను పరిశోధకులు కనిపెట్టి చూచి, 2004లో తమ ఫలితములను ప్రకటించిరి. తల్లిపిల్లి సగటున ఏడాదికి 1.4 ఈతలు ఈనినది. వారు లెక్కించిన 169 కూనలలో 127 ఆఱు మాసములు నిండకమునుపే చచ్చెను, లేక కానరాకపోయెను. అనగా నూటికి 75. కారణము తెలిసినచోట్ల గాయములే ప్రధానకారణముగా కనబడినవి. తల్లి కనుసన్నల నున్న కూనల గతియే యిట్లున్నచో, తల్లినుండి వేఱుచేసి సంచిలో మోయబడిన కూనల గతి వేఱుగ చెప్పనేల? పాలుద్రాగు కూన గంటల కొలది ఆకలికి తాళలేదు. తన దేహపు వేడిని తాను నిలుపుకొనలేదు. పొలిమేరలో దానికి తినదగినది లేదు. దానిని తినదగినవి మాత్రము పెక్కు కలవు.

కావున పిల్లుల సంఖ్య మితిమీరకుండుట మన దయకు నిదర్శనము కాదు. పుట్టిన పిదప చావుచేత తగ్గుచున్న సంఖ్య అది. పుట్టుకకు పూర్వమే తగ్గింపగల మార్గముండగా, చావుచేత తగ్గనిచ్చుట యేమి ధర్మము?

పరులను నిందించి తాను తప్పించుకొనుట పత్రికారచయితకు తగదు. 'మేము' అను సంపాదకీయపు మఱుగు విడిచి, ఇచ్చట 'నేను' అని చెప్పవలసియున్నది. మా యింట ధాన్యపుకొట్టున ఎలుకల బాధ హెచ్చుటచే పొరుగూరి బంధువుల యింటినుండి ఒక చారలపిల్లిని తెచ్చితిమి. ఏడాది తిరుగకమునుపే అది కొట్టులోని పాతగోనెలపై నాలుగు కూనలను పెట్టెను. ఆ నాల్గింటిని ఇరుగుపొరుగువారు ముచ్చటపడి కొనిపోయిరి. రెండవ యీతకు ఇద్దఱు మాత్రము అంగీకరించిరి. మూడవ యీతలో కూనలు అయిదు. అడిగినవారు ఒక్కరును లేరు. వంటయింట పాలు నిలుచుట లేదనియు, పడకలు పాడగుచున్నవనియు ఇంటివారు విసిగిరి. నేను పాలేరును పిలిచి, "కాలువ దాటించి వదిలేసి రా" అని యొక్కమాట చెప్పి, పత్రికాపఠనమున పడితిని.

తల్లిపిల్లి మూడు రాత్రులు గదిగదికిని తిరిగి పిలిచినది. ఎనిమిదేండ్ల మా యమ్మాయి, "నాన్నగారూ, దాని పిల్లలు ఏమయ్యాయండీ?" అని యడిగినది. "పెద్దవై వెళ్లిపోయాయమ్మా" అంటిని. పదిదినముల కూనలు నడువనైన నేరవని ఆ పిల్లకు తెలియును. నా ముఖము చూచి మఱల అడుగలేదు. వారము దినముల పిమ్మట పాలేరు తానై చెప్పెను: "అయ్యగారూ, రోజూ ఆ గట్టుమీదుగానే పొలానికి పోతన్నానండి. మూడోనాటికి అరుపు ఆగిపోయిందండి." అతని కంఠమున నింద లేదు. ఆజ్ఞాపించినవాడను నేను, మోసినవాడు అతడు. ఆ యఱపు వినవలసినవాడను నేను; విన్నవాడు అతడు. మనము స్వయముగ చేయ జంకు పాపమును కూలి యిచ్చి మఱియొకనిచే చేయించుట మన గృహములలో ఎంత సాధారణమో ఆనాడు నాకు తెలిసెను.

అటుపిమ్మట ఆ పిల్లిని బుట్టలో పెట్టి పట్టణమునకు గొనిపోయి శస్త్రచికిత్స చేయించితిని. ఉదయము గొనిపోయి సాయంకాలమునకు తెచ్చితిమి. పక్షము తిరుగకమునుపే యథాప్రకారము కొట్టుపై కావలి కూర్చుండెను. ఈ పనిని రెండేండ్లు ముందుగనే చేసియుండవచ్చును. చేయకపోవుటకు అడ్డువచ్చినది ధనము కాదు, దూరము కాదు. పిల్లికి ఆపరేషనేమిటను చులకనభావము. ఆ భావమునకు వెల చెల్లించినవి తొమ్మిది కూనలో, అయిదు కూనలో నేను చెప్పజాలను. ఇరుగుపొరుగువారు కొనిపోయినవానిని మరల విచారించినవాడను కాను.

ఇక ఆ చికిత్స స్వరూపము. ఆడుపిల్లికి మత్తుమందిచ్చి, పొట్టపై చిన్నగాటు పెట్టి, అండాశయములను, సాధారణముగ గర్భాశయమును కూడ తొలగింతురు. గండుపిల్లికి వృషణములను తొలగింతురు. ఇది మఱింత సులువైనది, కొలది నిమిషముల పని. నేర్చిన వైద్యుని చేతిలో నిత్యకృత్యమైన చికిత్స యిది. మత్తుమందు గల ఏ చికిత్సయందైనను కొంత యపాయము లేకపోదు. కాని ఆరోగ్యముగల చిన్నవయస్సు పిల్లికి అది మిక్కిలి స్వల్పము. నాలుగయిదు మాసముల వయస్సున, తొలియెదకు ముందే చేయించుట మేలని నేటి పశువైద్యుల యభిప్రాయము. చికిత్సకు ముందు ఎన్నిగంటలు ఆహారము మానిపింపవలెనో వైద్యుని యడిగి తెలిసికొనవలెను. పిమ్మట పదిపదునాలుగు దినములు గాటును నాకనీయక, తడియనీయక, గోడలు దుమకనీయక కనిపెట్టవలెను. గండుపిల్లి విషయమున ఒక జాగ్రత్త: చికిత్స జరిగిన పిదప కూడ కొన్ని వారముల వఱకు అది సంతానము కలిగింపగలదు గావున, అంతవఱకు చికిత్స జరుగని ఆడుపిల్లులకు దూరముగ నుంచవలెను.

ఇది పుట్టని కూనలకు మాత్రమే మేలు కాదు. పెంచిన పిల్లికిని మేలు. ఆడుపిల్లికి చన్నులలో గడ్డలు లేచుట కలదు. అట్టివానిలో పదింట ఎనిమిదో తొమ్మిదో ప్రాణాంతకమైన పుట్టకురుపులే. ఆఱు మాసములు నిండకమునుపు చికిత్స జరిగిన పిల్లులకు ఈ వ్యాధిభయము నూటికి 91 వంతులు తగ్గునని 2005లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెలిపినది. ఏడాదిలోపు చేయించినచో 86 వంతులు. గర్భాశయమున చీముపట్టు ప్రాణాంతకవ్యాధి, గర్భాశయమే లేని పిల్లికి రానేరదు. గండుపిల్లి మాట వేఱు. ఎదపిల్లిని వెదకుచు ఊరంతయు తిరిగి, తోడి గండుపిల్లులతో పోరాడి, చెవులు చినిగి, చీముగడ్డలతో ఇల్లు చేరుట దాని బ్రదుకు. రోగనిరోధకశక్తిని క్షీణింపజేయు వైరసు పిల్లులలో ముఖ్యముగ కాటుల మూలముననే ప్రాకును. చికిత్స జరిగిన గండుపిల్లులలో అత్యధికభాగము తిరుగుటను, పోరాటమును, గోడలపై దుర్గంధమూత్రము చిమ్ముటను మానును, లేక తగ్గించును. రాత్రి నిద్ర చెడి రాళ్లు రువ్వు గృహస్థునికి ఇంతకంటె మంచి మందు లేదు.

కొందఱు శస్త్రచికిత్సకు జంకి, ఎదను ఆపు సూదిమందులు వేయింప చూతురు. అట్టి హార్మోనుమందుల వలన చన్నుల గడ్డలును, గర్భాశయపు చీమును కలుగు భయము హెచ్చును. ఖర్చు తగ్గునని తలంచి రోగమును కొనితెచ్చుకొనుట అది.

ఇప్పుడు ఆక్షేపణములను విచారింతము. ఒక్కసారియైన ఈననిచ్చి పిదప చికిత్స చేయింపవలెనని పెద్దలు కొందఱందురు. దానివలన పిల్లికి కలుగు లాభమేదియు లేదు. పైన చెప్పిన వ్యాధిరక్షణమున నష్టము మాత్రము కలదు. చికిత్స జరిగిన పిల్లి ఎలుకలను పట్టదని రైతులు భయపడుదురు. వేట పిల్లికి పుట్టుకతో వచ్చిన గుణము. అండాశయములతో వచ్చినది కాదు. నిజమునకు, కూనలకై వేటాడు తల్లి మాత్రము ఎక్కువ పట్టును. కాని ఆ వేట కూనల కడుపునకే గాని కొట్టు కావలికి కాదు. పిల్లి లావెక్కునని మఱియొక మాట. ఇది కొంత నిజము. చికిత్స పిదప దేహమునకు కావలసిన ఆహారము సుమారు పావువంతు తగ్గును. ఆకలి మాత్రము తగ్గదు. గిన్నెలో పోయునది తగ్గించుట యజమాని చేతిలోని పని.

అన్నింటికంటె బలమైన ఆక్షేపణము ధర్మమునకు సంబంధించినది. ప్రకృతి యిచ్చిన సంతానశక్తిని హరించుట హింస కాదా యని భక్తులును, సాధువర్తనులును అడుగుచున్నారు. ఈ ప్రశ్న గౌరవింపదగినది. కాని అడుగువారిని మేమొకటి అడిగెదము. మీ కోడెదూడలకు విత్తులు నొక్కించి ఎద్దులను చేయనిది ఎవరు? కాడికి వంగుటకై, మన పొలము దున్నుటకై, తరతరములుగ ఈ పని చేయించుచున్నాము. పూర్వము మత్తుమందైన లేకుండ, బండరాతిపై కఱ్ఱలతో నలుగగొట్టించిన దినములును కలవు. 1960 నాటి జంతుహింసానివారణచట్టము సైతము నిర్ణీతపద్ధతిలో చేసినచో దీనిని నేరముగ పరిగణింపలేదు. మన లాభమునకై చేసినపుడు కనబడని హింస, ఆ ప్రాణి లాభమునకై మత్తుమందిచ్చి చేసినపుడు మాత్రము కనబడుట న్యాయమా?

పిల్లిని చంపుట మహాపాపమని మనవారి నమ్మకము. మనుస్మృతి ప్రాయశ్చిత్తప్రకరణమున పిల్లిని చంపినవానికి ప్రాయశ్చిత్తము విధింపబడినది. బంగారుపిల్లిని చేయించి దానమీయవలెనని లోకమున చెప్పుకొనుటయు కలదు. ఈ భయము మంచిదే. కాని యిది యేమి ఫలమిచ్చినది? చంపుటకు జంకి చచ్చుచోట వదలుటను నేర్పినది! చేయి అంటనిచో పాపమంటదని మనస్సునకు నచ్చజెప్పుకొనుటకే గోనెసంచి పుట్టినది. శాస్త్రమునకు వెఱచినవాడు శాస్త్రాభిప్రాయమునకు వెఱవకపోవుట వింత.

శ్రీవైష్ణవసిద్ధాంతమున శరణాగతిని వివరింప రెండు న్యాయములను చెప్పుదురు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగ పట్టుకొనును, అది మర్కటకిశోరన్యాయము. పిల్లికూన దేనిని పట్టుకొనదు, తల్లియే దానిని నోట కఱచుకొని పోవును, అది మార్జాలకిశోరన్యాయము. భగవంతుని కృపకు మన పూర్వులు పిల్లికూనను ఉపమానముగ నెన్నుకొనుటకు కారణము దాని సంపూర్ణమైన నిస్సహాయతయే. తనను ఎవరు మోయుచున్నారో, ఎచ్చటికి మోయుచున్నారో అది యెఱుగదు. తల్లి నోరైనను, గోనెసంచియైనను దానికి ఒక్కటే నమ్మకము. ఆ నమ్మకమును ఇంతకంటె వివరింపబూనము.

1926లో అహమ్మదాబాదున వీధికుక్కలను చంపించిన విషయమై గొప్ప వాదము చెలరేగినపుడు, గాంధీమహాత్ముడు 'యంగ్ ఇండియా' పత్రికలో వరుసగ వ్యాసములు వ్రాసెను. ఎవరికిని చెందక తిరుగు కుక్కల యునికి సమాజమునకే దోషమనియు, దారిని పోవు కుక్కకు మెతుకులు విసరి పుణ్యము గట్టుకొంటిమనుకొనుట నిజమైన దయ కాదనియు, పోషింపదలచినవాడు దానిని తనదిగ స్వీకరించి బాధ్యత వహింపవలెననియు ఆయన వాదముయొక్క సారము. అహింసావాదులు పలువురు ఆయనపై ఆగ్రహించిరి. ఆనాటి వాదము ప్రధానముగ చంపుటయా, వదలుటయా అను రెంటి నడుమ నడచినది. చంపక, వదలక, పుట్టుకనే మితముచేయు మూడవ మార్గము నేడు మనకు సులభముగ లభించుచున్నది. లభించిన మార్గమును త్రొక్కనివానికి ఆనాటివారి చిక్కు లేదు. ఆనాటివారి సాకును లేదు.

ఆ మార్గము ఆచరణసాధ్యమని కుక్కల విషయమున మన పొరుగుననే ఋజువైనది. చెన్నపట్టణమున నగరపాలకసంస్థ దశాబ్దముల పర్యంతము వీధికుక్కలను పట్టి చంపించినను బెడద తీరలేదు. చంపుట మాని చికిత్సయు, టీకాయు చేయవలెనని అచ్చట 1959లో స్థాపితమైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా యను సంస్థ పెక్కేండ్లు వాదించి, తుదకు 1996లో నగరపాలకసంస్థను ఒప్పించినది. 2001లో కేంద్రప్రభుత్వము కుక్కల సంతాననిరోధమునకు దేశమంతటికిని నియమావళిని చేసినది. 2023లో దాని స్థానమున నూతననియమావళి వచ్చినది. వీధికుక్క భారమును పురపాలకసంఘము మోయవలెనని చట్టము చెప్పినది; మంచిదే. కాని యింటిపిల్లి వీధికుక్క కాదు. దాని గిన్నె మన వంటయింట నున్నది. దానికి పురపాలకసంఘమును వెదకుట మన భారమును పరులపై వేయుటయే.

చట్టమును స్మరించితిమి గావున ఒకమాట. సహేతుకమైన కారణము లేక, ఆకలిదప్పులచే బాధపడునట్టి స్థితిలో జంతువును విడిచిపెట్టుట 1960 చట్టము 11వ సెక్షను ప్రకారము నేరము. రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభలో జంతువుల పక్షమున చేసిన కృషికి ఫలితముగ వచ్చిన చట్టమది. అది తొలినేరమునకు విధించిన జరిమానా 10 మొదలు 50 రూపాయలు. ఇంత స్వల్పమైన జరిమానాకు భయపడి ఎవడును గోనెసంచిని మానడు. మానవలసినది మనస్సాక్షికి భయపడియే.

ఇక కర్తవ్యము. పిల్లిని పెంచు ప్రతి గృహస్థుడును దాని నాలుగవ మాసమున వైద్యుని సంప్రదింపవలెను. ఆడుపిల్లికి మాత్రమేగాక గండుపిల్లికిని చేయింపవలెను. ఒక్క గండుపిల్లి వీధిలోని ఆడుపిల్లులన్నింటికిని తండ్రి కాగలదు. కూనను పరులకిచ్చువాడు ఆ మాట చెప్పి యీయవలెను. పుచ్చుకొనువాడు ఆ మాట యిచ్చి పుచ్చుకొనవలెను. ఏ యొక్కరికిని చెందక నాలుగిండ్ల గిన్నెలు నాకు పిల్లులు ప్రతి వీధిలోను కలవు. వానికి ఆ నాలుగిండ్లవారును చందా వేసికొని చేయింపవచ్చును. అట్టి పిల్లికి మత్తులో నున్నపుడే చెవికొనను కొంచెము కత్తిరింతురు. మరల పట్టి కోయకుండుటకు అది గుర్తు.

ప్రతి పల్లెయందలి పశువైద్యశాలయందును ఈ సౌకర్యముండదు. పశువైద్యశాలలు ఆవుగేదెలకై ఏర్పడినవి. పిల్లికి మత్తునిచ్చు పరికరములు అన్నిచోట్లను లేవు. కాని రాజేంద్రనగరున 1946 నుండియు, తిరుపతిని 1955 నుండియు, గన్నవరమున 1998 నుండియు పశువైద్యకళాశాలలు పనిచేయుచున్నవి. అచ్చట శిక్షణ పొందిన యువవైద్యులు నేడు చిన్నపట్టణములలో సైతము కలరు. గ్రామపంచాయతీలును, పురపాలకసంఘములును ఏడాదికొకటి రెండు దినములు చికిత్సాశిబిరములు నడిపించినచో, పేదలయిండ్ల పిల్లులకును ఈ మేలు కలుగును. పశువుల సంతకును, తిరునాళ్లకును చందాలిచ్చు భూస్వాములు దీనికిని కొంత యిచ్చుట వారికి భారము కాదు. పేదవాడు సంచి పట్టినచో అది లేమి. కలవాడు సంచి పట్టించినచో దానికి పేరు వేఱు.

పిల్లికి భిక్షము పెట్టనివాడని లోభిని మనవారు నిందింతురు. అనగా పిల్లికింత పెట్టుట మనుష్యత్వమునకు కనీసపు కొలతయని మన భాషయే చెప్పుచున్నది. అయితే పెట్టిన కబళముతో బాధ్యత తీరిపోదు. తల్లిపిల్లి ఏడిండ్లును తిరుగునది ఒక్క నమ్మదగిన చోటునకై. మన యిల్లు అట్టి చోటు కావలెనన్నచో, అందు పుట్టు ప్రతి కూనకును చోటుండవలెను. చోటు లేనిచో కూన పుట్టకుండ చూడవలెను. ఈ రెంటికిని నడుమ మూడవది లేదు. కాలువగట్టు మూడవది కాదు.

ఈ యేడు మీ కొట్టులోని పిల్లి ఇంకను చూలు కట్టకయున్నచో, వచ్చువారమే వైద్యుని యొద్దకు గొనిపొండు. గోనెసంచి ధాన్యమునకు మాత్రమే ఉపయోగపడుగాక!